టేబుల్ మీద క్యూఆర్ పెట్టే ముందు: రాయగడ హోటల్ ప్రశ్నకు జవాబు

మీరు అడిగింది ఇదీ. ఒడిశాలోని రాయగడలో, స్టేషన్ వైపు 14 టేబుళ్ల హోటల్. పొద్దున టిఫిన్లు, మధ్యాహ్నం మీల్స్, రాత్రి ఫ్యామిలీ సెక్షన్‌లో బిర్యానీ, తందూరి. రాత్రి రద్దీలో సప్లయర్లు చాలడం లేదు. “ఆర్డర్ తీసుకోడానికే ఇరవై నిమిషాలు” అని గూగుల్‌లో రివ్యూలు పడుతున్నాయి. టేబుల్ మీద క్యూఆర్ అంటించి, కస్టమరే ఫోన్‌లో ఆర్డర్ ఇచ్చుకునేలా చేస్తే సర్వీస్ బాగుపడుతుందా? కంపెనీ వాళ్లు ఏడాది ప్లాన్ కట్టమంటున్నారు, నాన్నగారేమో వద్దంటున్నారు.

నేను జయపురంలో హోటల్ నడిపినవాణ్ణి. ఇప్పుడు బరంపురం, పర్లాకిమిడి, మీ రాయగడ వైపు హోటళ్లకు బిల్లింగ్, కిచెన్ ప్రింటర్లు పెట్టించే పని చేస్తుంటాను. సూటిగా చెప్తాను తమ్ముడూ. రాత్రి ఫ్యామిలీ సెక్షన్‌కి పెట్టండి. టిఫిన్‌కి, మీల్స్‌కి వద్దు. పెట్టేటప్పుడు కూడా ఆర్డర్‌తో మొదలెట్టకండి, బిల్లుతో మొదలెట్టండి. ఎందుకో చెప్పాలంటే కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

కస్టమర్ లోపలికొచ్చి కూర్చున్న దగ్గర్నుంచి లేచి వెళ్లేదాకా ఎక్కడెక్కడ ఎదురుచూస్తాడో చూడండి. నీళ్లు, మెనూ కోసం. సప్లయర్ వచ్చి ఆర్డర్ రాసుకోవడం కోసం. ఆ చీటీ వంటింట్లోకి చేరడం కోసం. వంట కోసం. మధ్యలో ఇంకో రెండు రోటీలు చెప్పడానికి సప్లయర్ కళ్లలో పడటం కోసం. తిన్నాక బిల్లు కోసం. కట్టాక, కట్టినట్టు కౌంటర్‌లో ఒప్పుకోవడం కోసం. వీటిలో వంట ఒక్కటి తప్ప మిగతావన్నీ ఫోన్‌తో తగ్గించొచ్చు. వంట మాత్రం ఒక్క నిమిషం కూడా తగ్గదు. మీ దగ్గర ఆలస్యం వంటింట్లోనే జరుగుతుంటే ఈ క్యూఆర్ వల్ల పరిస్థితి ఇంకా పాడవుతుంది. ఇది కంపెనీ సేల్స్ అబ్బాయి చెప్పడు, అందుకే ముందే చెప్తున్నా.

కాబట్టి డబ్బు కట్టే ముందు ఒక వారం లెక్క రాయండి. పెద్ద సాఫ్ట్‌వేర్ ఏమీ అక్కర్లేదు, కౌంటర్ దగ్గర ఒక నోటు పుస్తకం చాలు. రాత్రి ఏడున్నర నుంచి పది దాకా నాలుగు టేబుళ్లు ఎంచుకుని, ప్రతి పార్టీకి ఐదు టైములు రాయాలి: కూర్చున్నది, ఆర్డర్ చెప్పింది, మొదటి ఐటెం వచ్చింది, బిల్లు అడిగింది, లేచింది. సప్లయర్లకి ఇది అప్పజెప్పకండి. వాళ్లకి తీరిక ఉండదు, పైగా తమ మీద నిఘా అనుకుంటారు. మీరో, ఇంట్లోవాళ్లో కూర్చుని రాయండి. కూర్చున్నప్పటి నుంచి ఆర్డర్ చెప్పేదాకా పన్నెండు పదిహేను నిమిషాలు పడుతుంటే ఫోన్ ఆర్డర్ పనికొస్తుంది. ఆర్డర్ చెప్పాక ఐటెం రావడానికి అరగంట పడుతుంటే ముందు వంటింటి సంగతి చూసుకోవాలి. చాలా చోట్ల నేను చూసిందేమిటంటే, ఓనర్లు మొదటి రెండింటి గురించే టెన్షన్ పడతారు కానీ, బిల్లు అడిగిన తర్వాత లేచేదాకా పోయే టైం మీద ఎవరి దృష్టీ ఉండదు. తినేసిన మనిషికి ఆ పది నిమిషాలు అరగంటలా ఉంటాయి, రివ్యూ రాసేది కూడా అప్పుడే.

ఇప్పుడు డబ్బు లెక్క. ఏడున్నర నుంచి పది దాకా 150 నిమిషాలు. ఒక పార్టీ సగటున 50 నిమిషాలు కూర్చుంటే 14 టేబుళ్ల మీద 42 పార్టీలు. ఆర్డర్ దగ్గర నాలుగు, బిల్లు దగ్గర నాలుగు, మొత్తం 8 నిమిషాలు తగ్గించారనుకోండి, అవే టేబుళ్ల మీద 50 పార్టీలు కూర్చుంటాయి. వినడానికి బాగానే ఉంది. కానీ ఆ అదనపు ఎనిమిది పార్టీలు బయట నిలబడి ఉంటేనే ఈ లెక్క. ఆదివారం మజ్జిగౌరమ్మ గుడికొచ్చి, అటు నుంచి అటే పార్వతీపురం, విజయనగరం వెళ్లే కుటుంబాలు గుమ్మం దగ్గర కాచుకుని ఉంటే ఈ సిస్టం డబ్బు తెస్తుంది. మంగళవారం రాత్రి సగం టేబుళ్లు ఖాళీగా ఉంటే దీనివల్ల అమ్మకం పెరగదు, కూర్చున్నవాళ్లకి చిరాకు తగ్గుతుంది అంతే. అది కూడా లాభమే, కాకపోతే ఏడాది ప్లాన్ ఖర్చుని ఏ రోజుల అమ్మకంలోంచి రాబట్టాలో తెలిసుండాలి.

వంటింటి సంగతికొస్తాను, అసలు విషయం అక్కడే ఉంది. రాత్రి కూడా దోసెలు వేస్తారనుకుందాం. మీ దోసె పెనం మీద ఒకేసారి నాలుగు దోసెలు పడతాయి, ఒక్కో విడతకి నాలుగు నిమిషాలు అనుకోండి. గంటకి 60 దోసెలు. మాస్టర్ ఎంత చేయి తిరిగినవాడైనా అంతకి మించి రావు. సప్లయర్లు టేబుల్ టేబుల్‌కీ తిరిగి రాసుకొస్తుంటే 20 దోసెల ఆర్డర్ పది పదిహేను నిమిషాల్లో నెమ్మదిగా లోపలికి వస్తుంది. అదే అందరూ ఫోన్‌లో నొక్కితే రెండు నిమిషాల్లో ఇరవై పడతాయి. ఆఖరి దోసెకి 20 నిమిషాలు. అందరికీ ఆర్డర్ అయిపోయిందని తెలుసు, అందరూ ఒకేసారి గడియారం చూడటం మొదలెడతారు.

మంచి సప్లయర్ ఆర్డర్ రాసుకోవడం ఒక్కటే చేయడు. పెనం మీద ఎంత లోడ్ ఉందో అతనికి తెలుసు. “సార్, తందూరి కొంచెం లేటవుతుంది, ఈలోగా సూప్ ఇవ్వమంటారా?” అంటాడు. “దోసె వద్దు సార్, పూరీ రెడీగా ఉంది” అంటాడు. అలా వంటింటి మీద ఒత్తిడిని తెలియకుండానే సర్దుతుంటాడు. ఫోన్‌కి ఆ తెలివి లేదు, మనమే పెట్టాలి. అందుకని సాఫ్ట్‌వేర్‌లో మూడు సంగతులు ఉన్నాయో లేదో చూడండి. ఐటెం పక్కన ఎంత టైం పడుతుందో చూపించగలగాలి, ఆ టైం రద్దీలో మీరు మార్చగలగాలి. ఏ ఐటెమైనా ఒక్క నొక్కుతో “ప్రస్తుతం లేదు” అని ఆపగలగాలి. కొత్త ఆర్డర్ నేరుగా కిచెన్‌కి పోకుండా ముందు కెప్టెన్ (సప్లయర్లని చూసుకునే పెద్ద) ఫోన్‌లో ఆగి, అతను ఓకే చేశాకే పోవాలి. మూడోది లేకపోతే ఆ సాఫ్ట్‌వేర్ తీసుకోకండి.

ఆ మూడోదాని గురించి ఇంకో మాట. టేబుల్ మీది క్యూఆర్ మారదు. ఎవరో ఫొటో తీసుకుని ఇంటికెళ్లి ఆటకి అర్ధరాత్రి నాలుగు చికెన్ బిర్యానీలు నొక్కొచ్చు. పిల్లలు ఫోన్ పట్టుకుని పది గులాబ్‌జామ్‌లు నొక్కేస్తారు, ఇది మరీ మామూలు. అందుకని పార్టీ కూర్చోగానే కెప్టెన్ తన ఫోన్‌లో ఆ టేబుల్ “ఓపెన్” చేయాలి, బిల్లు కట్టగానే మూసుకుపోవాలి. మొదటి ఆర్డర్ పడగానే ఎవరో ఒకరు నీళ్లు పట్టుకెళ్లి, “రెండు రోటీ, ఒక పనీర్, ఒక ఫుల్ బిర్యానీ, అంతేనా అండీ?” అని చదివి వినిపించి ఓకే నొక్కాలి. ఇరవై సెకన్ల పని. ఆ తర్వాత పడే చిన్న ఆర్డర్లు, ఇంకో రోటీ, మజ్జిగ, వాటర్ బాటిల్, నేరుగా పోనివ్వొచ్చు. నిజానికి ఫోన్ ఆర్డర్ ఎక్కువ పనికొచ్చేది ఈ రెండో విడతకే. చెయ్యెత్తి పిలవడానికి మొహమాటపడే మనిషి ఫోన్‌లో నొక్కడానికి మొహమాటపడడు.

టిఫిన్‌కి ఎందుకు వద్దన్నానంటే, పొద్దున ఏడింటికి వచ్చేవాడికి ఏం కావాలో వాడికి తెలుసు, మీ సప్లయర్‌కి కూడా తెలుసు. “రెండిడ్లీ ఒక వడ” అనడానికి రెండు సెకన్లు. ఫోన్ తీసి, స్కాన్ చేసి, పేజీ తెరుచుకుని, వెతికి నొక్కేసరికి ఇడ్లీ తినేయొచ్చు. మీల్స్ సంగతి అంతకన్నా తేలిక, ఐటెమే ఒకటి. అక్కడ కౌంటర్‌లో డబ్బు కట్టి టోకెన్ తీసుకునే పద్ధతిని మించింది లేదు. పైగా మధ్యాహ్నం మీకొచ్చేవాళ్లలో కోర్టు పనికో, ఆస్పత్రికో ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు ఎక్కువ. వాళ్ల చేతిలో బటన్ ఫోన్ ఉంటుంది, లేదా డేటా అయిపోయి ఉంటుంది. “స్కాన్ చేసుకోండి” అని వాళ్లతో అనడం మర్యాద కాదు. రాత్రి సెక్షన్‌లో కూడా అచ్చు మెనూ కార్డులు తీసేయకండి. అడిగినవాళ్లకి సప్లయర్ వచ్చి రాసుకోవాలి, ధరలు రెండింటిలో ఒకటే ఉండాలి.

ఇక బిల్లుతో మొదలెట్టమన్నది. దీనికి మీరు ఎవరికీ పైసా కట్టక్కర్లేదు. వాట్సాప్‌లో నంబరుకి నేరుగా చాట్ తెరిచే లింక్ ఉంటుంది, అందులో ముందే రాసిన మెసేజ్ కూడా పెట్టొచ్చు. ప్రతి టేబుల్‌కీ ఒక క్యూఆర్: స్కాన్ చేస్తే “టేబుల్ 6, బిల్లు కావాలి” అని మెసేజ్ సిద్ధంగా వస్తుంది, పంపు నొక్కితే కౌంటర్ ఫోన్‌కి వస్తుంది. బిల్లు ప్రింట్ చేసి పంపిస్తారు. రెండు మూడు వారాలు ఇది నడిపితే మీ కస్టమర్లలో ఎంతమంది నిజంగా స్కాన్ చేస్తారో తెలిసిపోతుంది. ఆర్డర్లు మాత్రం ఇలా వాట్సాప్‌లో తీసుకోకండి. ఒకరు ఒడియాలో, ఒకరు ఇంగ్లిష్ అక్షరాల తెలుగులో, ఒకరు వాయిస్ మెసేజ్‌లో పంపిస్తారు, అవన్నీ చీటీ మీదకి ఎక్కించడానికే ఒక మనిషి కావాలి. ఇంకా సులువైనది కావాలంటే టేబుల్ మీద వైర్‌లెస్ కాలింగ్ బెల్ బటన్లు దొరుకుతాయి. ఫోన్ లేనివాళ్లకీ పనికొస్తాయి. చాలా చిన్న హోటళ్లకి నేను చివరికి అవే చెప్తుంటాను, క్యూఆర్ కూడా వద్దని.

బిల్లు దగ్గర ఇంకోటి. ఇప్పుడు మీ కౌంటర్ మీద ఉన్న యూపీఐ క్యూఆర్‌లో మొత్తం ఉండదు, కస్టమరే కొట్టుకోవాలి. 640కి 460 కొడతాడు, మళ్లీ వివాదం. అలా కాకుండా బిల్లు కిందే ఆ బిల్లు మొత్తంతో క్యూఆర్ ప్రింట్ అయ్యేలా ఇప్పుడు చాలా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లు చేస్తున్నాయి. కస్టమర్ టేబుల్ దగ్గరే స్కాన్ చేస్తాడు, పిన్ కొట్టి వెళ్లిపోతాడు. స్క్రీన్‌షాట్ చూసి నమ్మకండి, సౌండ్ బాక్స్‌లోనో, మీ యాప్‌లోనో పడితేనే పడినట్టు. బ్యాంకు ఖాతా నుంచి కట్టే యూపీఐ మీద ఎండీఆర్ (వ్యాపారి దగ్గర కోసుకునే ఫీజు) 2020 జనవరి 1 నుంచి సున్నా. కానీ ఆన్‌లైన్ పేమెంట్ పేరుతో గేట్‌వే కంపెనీలు వేరే ఫీజులు వేస్తుంటాయి, అవి అగ్రిమెంట్‌లో చూసుకోండి.

టేబుల్ మీద ఆర్డర్ క్యూఆర్, పేమెంట్ క్యూఆర్ రెండూ పక్కపక్కన మాత్రం అంటించకండి. మనవాళ్లకి క్యూఆర్ అనగానే చెయ్యి ఫోన్‌పే మీదకి పోతుంది. ఆర్డర్ క్యూఆర్‌ని అందులో స్కాన్ చేస్తే చెల్లని కోడ్ అన్నట్టు వస్తుంది, “మీది పనిచేయట్లేదు” అని ఫోన్ పక్కన పెట్టేస్తారు. టేబుల్ మీద ఆర్డర్‌ది ఒక్కటే ఉండాలి, దాని మీద “ఫోన్ కెమెరాతో స్కాన్ చేయండి, పేమెంట్ యాప్‌తో కాదు” అని పెద్దక్షరాలతో తెలుగు, ఒడియా, హిందీల్లో ఉండాలి. పేమెంట్‌ది బిల్లు మీదే వస్తుంది. ఐఫోన్లలో 2017లో వచ్చిన ఐఓఎస్ 11 నుంచి కెమెరానే స్కాన్ చేస్తుంది. ఆండ్రాయిడ్‌లో కెమెరాకి రాకపోతే గూగుల్ లెన్స్‌తో అవుతుంది. సప్లయర్లందరికీ ఇది చూపించడం వచ్చి ఉండాలి.

స్టిక్కర్ తయారీ కూడా చిన్న విషయం కాదు. క్యూఆర్ 1994లో జపాన్‌లో డెన్సో వేవ్ వాళ్లు కార్ల విడిభాగాల లెక్కల కోసం చేసింది. ఫ్యాక్టరీలో మురికి పట్టినా చదవగలగాలని అందులో తప్పులు దిద్దుకునే ఏర్పాటు పెట్టారు. ఎల్, ఎం, క్యూ, హెచ్ అని నాలుగు స్థాయిలు. హెచ్‌లో దాదాపు 30 శాతం చెరిగిపోయినా చదువుతుంది. సాంబారు, తడిగుడ్డ, గోటి గీతలు పడే టేబుల్‌కి క్యూ లేదా హెచ్ అడగండి. ఆ స్థాయి పెరిగేకొద్దీ గళ్లు చిన్నవవుతాయి కాబట్టి లోపలి లింక్ పొట్టిగా ఉండాలి, ప్రింట్ నాలుగు సెంటీమీటర్లకి తగ్గకూడదు, చుట్టూ తెల్లటి ఖాళీ వదలాలి. మెరిసే లామినేషన్ వద్దు, నెత్తిమీది ట్యూబ్‌లైటు అందులో పడి ఫోన్ చదవదు. మ్యాట్ చేయించండి.

లింక్ ఎవరి పేరు మీద ఉంటుంది అన్నది ఇంకా ముఖ్యం. చాలా కంపెనీలు తమ సైట్ లింక్‌తో క్యూఆర్ ఇస్తాయి. ప్లాన్ రెన్యూ చేయకపోతే 14 టేబుళ్ల మీదున్న కోడ్లు ఒక్కసారిగా చచ్చిపోతాయి. మీ సొంత డొమైన్ (వెబ్‌సైట్ పేరు) ఒకటి కొనుక్కుని, క్యూఆర్‌లో దాని లింకే పెట్టి, అక్కడి నుంచి కంపెనీ పేజీకి మళ్లించండి. రేపు కంపెనీ మార్చినా స్టిక్కర్లు మార్చక్కర్లేదు. డొమైన్ పేరు క్యూఆర్ కింద అచ్చేయిస్తే ఇంకో లాభం కూడా ఉంది. ఎవడైనా మోసగాడు తన క్యూఆర్ స్టిక్కర్ పైన అంటించాడా లేదా అన్నది తెలిసిపోతుంది. పొద్దున టేబుళ్లు తుడిచే అబ్బాయికి వేలితో అంచు గీకి చూడమని చెప్పండి.

పేజీ తేలిగ్గా తెరుచుకోవాలి. యాప్ డౌన్‌లోడ్ చేసుకోమంటే వెంటనే వద్దనండి. నంబరు, ఓటీపీ అడిగేది కూడా వద్దు. సరిహద్దు ఊళ్లలో సిగ్నల్ ఊగిసలాడుతుంది, ఓటీపీ వచ్చేసరికి సప్లయర్ వచ్చి రాసుకుపోయేవాడు. పైగా వస్తువు అమ్మడానికి మొబైల్ నంబరు ఇచ్చి తీరాలని పట్టుబట్టొద్దని కేంద్ర వినియోగదారుల శాఖ 2023లోనే దుకాణాలకి చెప్పింది. అదే ఏడాది డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా వచ్చింది. వాట్సాప్‌లో బిల్లు అడిగినవాడి నంబరుకి పండగ ఆఫర్లు పంపకండి. ఫొటోలు బొమ్మకి 50 కేబీ మించకుండా చేయించండి. పీడీఎఫ్ మెనూ అంటించి “డిజిటల్ మెనూ” అనేవాళ్లున్నారు. వేళ్లతో పెద్దది చేసుకుంటూ, జరుపుకుంటూ చదవాలి, ఆర్డర్ మాత్రం మళ్లీ సప్లయరే రాసుకోవాలి. దానికన్నా కాగితమే నయం.

మన ప్రాంతానికి మాత్రమే ఉన్న చిక్కు భాషది. మీ దగ్గర తినేవాళ్లు ఒడియా, తెలుగు, హిందీ మాట్లాడతారు, చుట్టుపక్కల కుయి, కువి (కోంధు గిరిజనుల భాషలు) మాట్లాడేవాళ్లూ వస్తారు. పేజీ మొదట్లోనే మూడు భాషల బటన్లు పెట్టించండి, ప్రతి ఐటెంకీ ఫొటో పెట్టించండి. ఇది అందరూ చేస్తారు. ఎవరూ ఆలోచించనిది వంటింటి భాష. దోసె మాస్టర్ శ్రీకాకుళం వైపు మనిషైతే తెలుగు చదువుతాడు. తందూర్ దగ్గరున్నవాడు హిందీ. కూరల దగ్గరున్న స్థానికుడు ఒడియా. కస్టమర్ ఏ భాషలో నొక్కినా ఏ చీటీ ఎవరి దగ్గర పడుతుందో వాళ్ల భాషలోనే పడాలి. మామూలు థర్మల్ ప్రింటర్లలో తెలుగు, ఒడియా అక్షరాలు ఉండవు, ప్రశ్నార్థకాలో గజిబిజి గీతలో వస్తాయి. సాఫ్ట్‌వేర్ ఆ చీటీని బొమ్మగా మార్చి పంపితే వస్తుంది. డెమోలో ఇంగ్లిష్ చీటీ చూపించి సరిపెట్టేస్తారు. ఒడియా చీటీ, తెలుగు చీటీ అక్కడికక్కడే ప్రింట్ చేయించి చూడండి.

“కారం తక్కువ”, “ఉల్లిపాయ, వెల్లుల్లి వద్దు” లాంటివి కస్టమర్ చేత టైప్ చేయించకండి. బటన్లుగా పెట్టండి. కస్టమర్ ఏ భాషలో టైప్ చేస్తే వంటవాడు ఆ భాషలోనే చదవాల్సొస్తుంది. బటన్ అయితే చీటీ మీద అతని భాషలో పడుతుంది.

మెనూని రోజుని బట్టి మార్చుకోగలగడం మీకు బాగా కలిసొస్తుంది. మనవాళ్ల కార్తీకం దీపావళి అమావాస్య మర్నాడు మొదలై మళ్లీ అమావాస్యకి ముగుస్తుంది. ఒడియావాళ్లది కుమార పూర్ణిమ (ఆశ్వయుజ పూర్ణిమ) మర్నాడే మొదలై కార్తీక పూర్ణిమతో ముగుస్తుంది. అంటే రెండూ కలిపితే దాదాపు నెలన్నర మీ హాల్లో ఎవరో ఒకరు మాంసం మానేసి ఉంటారు. పూర్ణిమతో ముగిసే చివరి ఐదు రోజులు పంచుక, అప్పుడు కొంగ కూడా చేపని ముట్టదంటారు వాళ్లు. పూర్ణిమ మర్నాడు ఛాడఖాయి, ఒడియా కుటుంబాలు మాంసం కోసం బారులు తీరతాయి, తెలుగువాళ్లు మాత్రం ఇంకా కార్తీకంలోనే ఉంటారు. ఆ తర్వాత మార్గశిర గురువారాలు, లక్ష్మీపూజ చేసే ఒడియా ఇళ్లవాళ్లకి శాకాహారం. ఈ నెలన్నరలో పేజీ తెరవగానే శాకాహారం ముందు రావాలి, మాంసాహారం వేరే బటన్ వెనక ఉండాలి. పనీర్, పుట్టగొడుగులు, దాల్మా (ఒడియావాళ్ల కూరగాయల పప్పు) లాంటివి పైకి తేవాలి. ఛాడఖాయి రోజు మటన్ ఎంత ఉందో లెక్క వేసి, అయిపోగానే ఆపేయాలి. అచ్చు మెనూతో ఇవి చేయలేం. ఫోన్ మెనూ పెట్టి కూడా ఏడాదంతా ఒకే మెనూ చూపించే హోటళ్లే ఎక్కువ. ఈ పని కంపెనీ చేయదు, ఇంట్లో ఒకరు పట్టించుకోవాలి. రోజూ పదకొండింటికి ఒకసారి, రాత్రి ఏడింటికి ఒకసారి, ఏది లేదో చూసి ఆపే బాధ్యత ఒక్క మనిషికే ఇవ్వండి. నొక్కి, ఆర్డర్ ఇచ్చి, పది నిమిషాల తర్వాత “అది లేదండీ” అనిపించుకున్న కస్టమర్ మళ్లీ స్కాన్ చేయడు.

ప్రింటర్ల గురించి క్లుప్తంగా. కిచెన్‌లో బ్లూటూత్‌ది కాకుండా కేబుల్‌తో నెట్‌వర్క్‌కి కలిసేది పెట్టండి. థర్మల్ కాగితం వేడికి నల్లబడుతుంది, పొయ్యికి, తందూర్‌కి దూరంగా గోడకి బిగించాలి. వేడి మరీ ఎక్కువైతే రిబ్బన్‌తో కొట్టే పాత రకం డాట్ మ్యాట్రిక్స్ కిచెన్ ప్రింటర్లు ఇప్పటికీ దొరుకుతాయి. కరెంటు పోయినప్పుడు లైట్లతో పాటు రౌటర్, ప్రింటర్, బిల్లింగ్ కంప్యూటర్ కూడా ఇన్వర్టర్ మీద ఉండాలి. నెట్ పోతే ఏమవుతుందో కంపెనీని అడగడం కాదు, డెమోలో రౌటర్ ప్లగ్ పీకి చూడండి. కార్బన్ చీటీ పుస్తకాలు ప్రతి సప్లయర్ జేబులో ఉండనివ్వండి. కస్టమర్లకి వైఫై ఇస్తే బిల్లింగ్ నెట్‌వర్క్‌తో కలపకండి.

పన్ను సంగతి. ఫోన్‌లో కనిపించే బిల్లు కూడా బిల్లే. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత లైసెన్సు) నంబరు బిల్లు మీద ఉండాలన్న నిబంధన 2022 జనవరి 1 నుంచి ఉంది. మీరు కాంపొజిషన్ స్కీంలో (చిన్న వ్యాపారులు అమ్మకం మీద కొంత శాతం పన్ను తామే కట్టే పద్ధతి) ఉంటే కస్టమర్ దగ్గర జీఎస్టీ విడిగా వసూలు చేయకూడదు, కానీ ఈ సాఫ్ట్‌వేర్లు మామూలుగా 5 శాతం కలిపే సెట్టింగ్‌తో వస్తాయి. మొదటి రోజే మీ అకౌంటెంట్ చేత చూపించండి. సర్వీస్ ఛార్జ్ దానంతటది బిల్లులో పడేలా ఉంటే తీసేయించండి. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలో అలా వేయొద్దని మార్గదర్శకాలు ఇచ్చింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది.

సప్లయర్ల గురించి రాయకుండా ఈ జవాబు పూర్తవదు. క్యూఆర్ అంటే తమ ఉద్యోగం పోతుందని వాళ్ల భయం, అది పైకి చెప్పరు. కస్టమర్‌తో “స్కానింగ్ పనిచేయట్లేదు సార్, నాకు చెప్పండి” అంటారు. నాన్నగారు వద్దంటున్నది కూడా బహుశా ఇది ఊహించే కావచ్చు, పాతకాలం మనిషి అని తోసెయ్యకండి. ఎవర్నీ తీసెయ్యనని ముందే చెప్పండి, చెప్పి మాట మీద నిలబడండి. మీకు మనుషులు చాలడం లేదన్నారు కాబట్టి అది కష్టం కాదు. టిప్పుల సంగతి ఇంకా సున్నితం. ఫోన్‌లో కట్టి లేచిపోయేవాడు టిప్పు పెట్టడం మర్చిపోతాడు. బిల్లు మడత పుస్తకంలో నోట్లు వదిలే అలవాటు పోతుంది. ఫోన్ పేజీలో టిప్పు వేసే వీలు పెట్టించినా, అది సున్నా దగ్గర మొదలవ్వాలి, వచ్చింది ఆ రాత్రే క్లీనర్లతో సహా అందరికీ పంచాలి. మొదటి రెండు నెలలు టిప్పులు తగ్గితే ఆ తేడా మీరు వేసుకోండి. అది ఏడాది ప్లాన్ కన్నా మంచి ఖర్చు. ఆర్డర్ రాసే పని తగ్గిన సప్లయర్‌కి కొత్త పని స్పష్టంగా చెప్పాలి: కూర్చున్న నిమిషంలో నీళ్లు, మొదటి ఆర్డర్ చదివి వినిపించడం, తిన్న ప్లేట్లు వెంటనే తీయడం. ఇది చెప్పకపోతే గోడకానుకుని ఫోన్ చూస్తూ నిలబడతారు. అప్పుడు మళ్లీ రివ్యూలే.

ఏడాది ప్లాన్ ఇప్పుడు కట్టకండి. నెలదో, మూడు నెలలదో అడగండి. కుదరదంటే ఇంకో కంపెనీని చూడండి. ఆర్డర్‌కి ఇంత కమిషన్ అనేది ఉందా, మీ మెనూ, అమ్మకాల లెక్కలు వెళ్లిపోయేటప్పుడు ఎక్సెల్‌లో తీసుకోవచ్చా అన్నవి రాతపూర్వకంగా తీసుకోండి. దసరా, కార్తీకం రద్దీలో మొదలెట్టకండి. ఫ్యామిలీ సెక్షన్‌లో నాలుగు టేబుళ్లతో, వారం మధ్య రోజుల్లో మొదలెట్టి, అవే ఐదు టైములు మళ్లీ రాయండి. కూర్చున్నప్పటి నుంచి ఆర్డర్ దాకా తగ్గి, ఆర్డర్ నుంచి ఐటెం దాకా పెరిగితే మీ సమస్య పెనం దగ్గరుంది. అప్పుడు ఆ ప్లాన్ డబ్బుతో రెండో పెనం కొనుక్కోండి.

ముందు ఈ వారం లెక్క రాసి పంపండి. దాంతో పాటు దోసె పెనం ఒకటా రెండా, తందూర్ ఎప్పుడు వెలిగిస్తారు, బిల్లింగ్‌కి ఇప్పుడు ఏ సాఫ్ట్‌వేర్ వాడుతున్నారు, ఇవి కూడా రాయండి. ప్రింటర్లు ఎన్ని కావాలో, ఎక్కడ బిగించాలో అది చూసి చెప్తాను.